స్కైరిమ్ ఇప్పుడు మొదలుపెడుతున్నారా? బాణం గుర్తు మాట వినకుండా ఆడటం ఎలా

బెథెస్డా గేమ్ స్టూడియోస్ ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్’ అనే వీడియో గేమ్‌ను 2011 నవంబర్ 11న విడుదల చేసింది. 2023 నాటికి 6 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయని ఆ సంస్థే చెప్పుకుంది. ఇప్పటికీ ధర తగ్గించిన ప్రతిసారీ కొత్తవాళ్ళు కొంటూనే ఉంటారు. వాళ్ళలో చాలామంది రెండు మూడు సాయంత్రాలు ఆడి, "దీనికి ఇంత పేరేంటి? కత్తియుద్ధం చూస్తే గాలిలో కర్ర తిప్పినట్టుంది, కథ చూస్తే ఎన్నోసార్లు విన్నదే" అని పక్కన పెట్టేస్తారు.

వాళ్ళు చెప్పేది నిజమే. కత్తియుద్ధం నిజంగానే పలచన, ప్రధాన కథ నిజంగానే మామూలు. ఇబ్బంది ఏమిటంటే, ఆట తనంతట తానుగా మిమ్మల్ని ఆ బలహీనమైన భాగాల మీదుగానే నడిపిస్తుంది. తెర పైభాగంలో కనిపించే దిక్సూచిలోని బాణం గుర్తు వెంటే పోతే ముందు అవే ఎదురవుతాయి. అసలు సరుకంతా దారి పక్కన ఉంటుంది. దాన్ని చేరుకోవడానికి ఏం చేయాలో వరసగా చెబుతాను.

1. మీకు నప్పే ఆటో కాదో ముందే తేల్చుకోండి

మీరు ‘డార్క్ సోల్స్’ తరహా ఆటలు ఇష్టపడేవారైతే, అంటే ప్రతి దెబ్బకూ ఒక లెక్క ఉండాలనుకునేవారైతే, ఇక్కడి పోరాటం మీకు నచ్చదు. ‘ది విచర్ 3’ లాగా ప్రతి సంభాషణలో పదునైన మాటలు, తీసుకున్న నిర్ణయం పాతిక గంటల తర్వాత తిరిగొచ్చి తగలడం కావాలన్నా నిరాశే. కొండ ఎక్కుతుంటే అవతల ఏదో శిథిలం కనిపించి, పని మానేసి అటు పోవాలనిపించే స్వభావం మీదైతే మాత్రం దీనికి సాటి వచ్చే ఆటలు చాలా తక్కువ.

కంప్యూటర్ మీద స్టీమ్‌లో కొంటే 14 రోజుల లోపు, 2 గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఐతే స్కైరిమ్ మొదటి 2 గంటలూ ఆటలోకెల్లా బలహీనమైనవి. బండి మీద కూర్చుని కబుర్లు వినడం, తల నరకబోయే వేళకు డ్రాగన్ రావడం, హెల్గెన్ కోట కింది సొరంగాల్లో పరుగు... ఇదంతా అరగంటకు పైనే పడుతుంది. అందుకే ఆ అరగంటను బట్టి తీర్పు చెప్పకండి. బయటపడ్డాక మిగిలిన సమయంలో దారి తప్పి తిరిగి చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

ఇంట్లో పిల్లలు అడుగుతుంటే ఒక మాట: ఇది పెద్దల రేటింగ్ ఉన్న ఆట. తలలు తెగడం దగ్గర్నుంచి చూపిస్తుంది.

2. ఏ కాపీ కొనాలి

2011 నాటి అసలు కాపీ జోలికి పోకండి. అది 32-బిట్ ప్రోగ్రామ్, మెమరీ నిండితే కుప్పకూలుతుంది. 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్ 64-బిట్. డాన్‌గార్డ్, హార్త్‌ఫైర్, డ్రాగన్‌బోర్న్ అనే మూడు విస్తరణలూ అందులోనే ఉంటాయి. దానికి 8 జీబీ ర్యామ్, 12 జీబీ డిస్క్ చాలు. గ్రాఫిక్స్ కార్డ్ కూడా జీటీఎక్స్ 470 స్థాయిది సరిపోతుందని కంపెనీయే రాసింది, కాబట్టి కొత్త ఆటలు మోయలేని పాత లాప్‌టాప్ మీద కూడా ఆశ పెట్టుకోవచ్చు.

2021లో వచ్చిన యానివర్సరీ ఎడిషన్ మొదటిసారి ఆడేవారికి నేను సిఫారసు చేయను. అందులో అదనంగా కలిపిన కవచాలు, ఆయుధాలు, ఇళ్ళు లెక్కలేనన్ని. ఆట మొదలవగానే కొత్త పనుల చీటీలు వరసపెట్టి వచ్చిపడతాయి, కష్టపడి సంపాదించాల్సిన స్థాయి ఆయుధాలు ముందే చేతికొస్తాయి. చేపలు పట్టడం, సర్వైవల్ మోడ్ లాంటి కొన్ని ముక్కలు స్పెషల్ ఎడిషన్ ఉన్నవారికీ ఉచితంగానే ఇచ్చారు. అవి చాలు.

3. మొదలుపెట్టే ముందు సెట్టింగులు

సబ్‌టైటిల్స్ రెండు రకాలుంటాయి, సంభాషణలవి ఒకటి, చుట్టుపక్కల వినిపించే మాటలవి ఒకటి. రెండూ ఆన్ చేయండి. ఆట తెలుగులో లేదు. నోర్డ్ జాతి పాత్రలు మాట్లాడే ఇంగ్లిష్ యాస ఉత్తర ఐరోపాది, మొదట్లో చెవికి పట్టదు.

ఫ్రేమ్ రేట్‌ను, అంటే సెకనుకు తెర మీద మారే చిత్రాల సంఖ్యను, 60కి కట్టేయండి. ఈ ఆటలో వస్తువులు పడటం, దొర్లడం లాంటి లెక్కలన్నీ ఫ్రేమ్ రేట్‌తో ముడిపడి ఉన్నాయి. 144 హెర్ట్జ్ మానిటర్ మీద వదిలేస్తే బల్ల మీది పళ్ళేలు వాటంతటవే ఎగురుతాయి, మొదటి దృశ్యంలోని బండి గంతులేస్తుంది. ఆ బండికి తయారీ దశలోనే ఇలాంటి చరిత్ర ఉంది. తేనెటీగను చేత్తో పట్టుకోలేకపోవడమనే బగ్‌ను సరిచేయబోతే ఆ తేనెటీగ కదలని బండరాయిలా మారిందట, బండి దాన్ని తగిలి ఆకాశానికి లేచిందట. అప్పటి డెవలపర్ ఒకరు పదేళ్ళ తర్వాత బయటపెట్టారు.

4. హెల్గెన్ నుంచి బయటపడ్డాక

ఇక్కడినుంచే ఆట తీరు నిర్ణయమవుతుంది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

సొరంగం దాటి వెలుగులోకి వచ్చాక, మీతో వచ్చిన సైనికుడు (హాడ్వార్ గానీ రాలోఫ్ గానీ) రివర్‌వుడ్ అనే పల్లెకు దారి చూపిస్తాడు. దారిలో మూడు నిలువు రాళ్ళు కనిపిస్తాయి: యోధుడు, మాంత్రికుడు, దొంగ. ఒకదాన్ని తాకితే ఆ వర్గం విద్యలు 20 శాతం వేగంగా వంటబడతాయి. తర్వాత ఎప్పుడైనా వచ్చి మార్చుకోవచ్చు, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

రివర్‌వుడ్ చేరాక ఆట మిమ్మల్ని వెంటనే వైట్‌రన్ నగరానికి, అక్కడి జార్ల్ బాల్‌గ్రూఫ్ దగ్గరకు తరుముతుంది. జార్ల్ అంటే ఆ ప్రాంతపు ప్రభువు. తొందరపడకండి. ముందు ఊళ్ళోని దుకాణంలోకి వెళ్ళండి. లూకన్ వలేరియస్ అనే వ్యాపారి, తన బంగారు పంజా దొంగలెత్తుకుపోయారని చెల్లెలితో గొడవపడుతుంటాడు. ఆ పంజా వెతుక్కుంటూ కొండమీది బ్లీక్ ఫాల్స్ బ్యారో అనే సమాధికి వెళ్ళండి. ఈ ఆట బలం ఎక్కడుందో అక్కడ తెలుస్తుంది.

లోపల ఒకచోట మూడు వలయాల తలుపు అడ్డొస్తుంది. ఏ వలయంలో ఏ బొమ్మ పెట్టాలో ఎవరూ చెప్పరు, బాణం గుర్తూ సాయం చేయదు. మీ మూటలో ఉన్న పంజాను తెరిచి, దాన్ని తిప్పి అరచేతి వైపు చూడాలి. జవాబు దాని మీదే చెక్కి ఉంటుంది. మూటలోని ప్రతి వస్తువునూ చేత్తో పట్టుకున్నట్టు తిప్పి చూడవచ్చన్న సంగతి ఆట ఇలా నేర్పుతుంది. పైకప్పుకు వేలాడే నూనె దీపాన్ని బాణంతో కొట్టి కింద నూనె మడుగులో పడేస్తే, ఆ నూనెలో నిలబడ్డ శత్రువులందరూ అంటుకుంటారు. నేల మీద మీట ఉన్న పలకను మీరు తప్పుకుని, వెంటపడే శవాన్ని దాని మీదకు రప్పిస్తే ముళ్ళ తలుపు దాని పని చూసుకుంటుంది. కత్తియుద్ధం పలచనగా ఉందని విసుక్కునేవారు ఇలాంటివి వాడుకోకపోవడం వల్లే సగం విసుక్కుంటారు.

బలహీనత కూడా అదే సమాధిలో కనిపిస్తుంది. చివరి గదిలో పెట్టె, లిపి చెక్కిన గోడ, శవపేటిక పగలగొట్టుకుని లేచే పెద్ద డ్రౌగర్ (లేచి నడిచే శవం), అతణ్ణి చంపాక నేరుగా బయటకు తీసే దగ్గరి దారి. నోర్డ్ సమాధుల్లో చాలావాటి నమూనా ఇదే. తిరిగి నడిచే శ్రమ తప్పడం హాయిగానే ఉంటుంది గానీ, వరసగా మూడు సమాధులు దూరితే నాలుగోది చూడకుండానే చెప్పేయగలరు. అందుకని సమాధి తర్వాత సమాధికి వెళ్ళకండి. మధ్యలో ఒక ఊరు, అంతరించిపోయిన డ్వెమర్ జాతి శిథిలం ఒకటి, ఒక అడవి గుడిసె పడేలా చూసుకోండి.

సమాధిలో దొరికే డ్రాగన్‌స్టోన్ అనే రాతిపలకను జార్ల్ ఆస్థాన మాంత్రికుడు ఫారెంగార్ అడుగుతాడు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. దాన్ని ఇచ్చి, తర్వాత వచ్చే కాపలా బురుజు పోరాటం ముగిసేదాకా దేశంలో డ్రాగన్లు తిరగవు. మీకు ప్రశాంతంగా ఊళ్ళు చూడాలనుంటే పలకను మూటలోనే ఉంచుకోండి. దీనికి మూల్యం కూడా ఉంది. డ్రాగన్ ఆత్మ దొరికేదాకా ‘షౌట్స్’ అనే అరుపు మంత్రాలు వాడలేరు. కొన్ని ఊళ్ళు చూసి, లెవెల్ 10 దాకా వచ్చాక పలక ఇవ్వడం నా దృష్టిలో మంచి సమయం.

5. పాత్రను పలచన చేయకండి

ఏ జాతి తీసుకోవాలని గంట సేపు బుర్ర బద్దలు కొట్టుకోకండి. మొత్తం పది జాతులున్నాయి. మొదట్లో కొన్ని విద్యల్లో 5, 10 పాయింట్ల తేడా తప్ప, పోను పోను అందరూ అన్నీ చేయగలరు. ఎటూ తేల్చుకోలేకపోతే బ్రెటన్ తీసుకోండి. మంత్రాల దెబ్బ పావు వంతు తక్కువగా తగలడం ఆట చివరిదాకా పనికొస్తుంది.

మొత్తం 18 విద్యలు. ఏది వాడితే అది పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తి, తాళం తీస్తే తాళం. ఇది ఈ ఆటకున్న అందమైన బలం, యోధుడా మాంత్రికుడా అని ముందే తేల్చుకునే క్లాస్ అనే గోల లేదు. దీని వెనకే ఒక గుంట ఉంది. మీరు ఏ విద్య పెంచినా మీ మొత్తం లెవెల్ పెరుగుతుంది. మీ లెవెల్‌ను బట్టే చాలామంది శత్రువులూ బలపడతారు. వైట్‌రన్ కొలిమి దగ్గర కూర్చుని కవచాలు చేస్తూ, బేరాలాడుతూ లెవెల్ 20కి చేరారనుకోండి, కత్తి పట్టడం మాత్రం రాదు. బయట కనిపించే బందిపోటు అప్పటికే రాటుదేలి ఉంటాడు.

అందుకని ఇలా చేయండి. దాడికి ఒకటి, రక్షణకు ఒకటి, సరదాకు ఒకటి, మొత్తం మూడు విద్యలు ఎంచుకోండి. లెవెల్ పెరిగినప్పుడు వచ్చే ఒక్కో పెర్క్ పాయింట్‌ను (విద్యలో కొత్త సామర్థ్యం తెరిచేది) మొదటి పదిహేను లెవెల్స్ దాకా వాటిలోనే పెట్టండి. ఆరోగ్యం, మంత్రశక్తి, దమ్ము ఈ మూడింటిలో ఒకదానికి ప్రతిసారీ 10 పాయింట్లు కలపవచ్చు. కత్తివీరులైతే రెండుసార్లు ఆరోగ్యం, ఒకసారి దమ్ము అనే లెక్క సరిపోతుంది. దమ్ముకు పాయింట్లు పెట్టిన ప్రతిసారీ మోసే బరువు 5 పెరుగుతుంది, అది చిన్న విషయం కాదు.

విధ్వంస మంత్రాలు మాత్రమే నమ్ముకుని ఆడాలనుకునేవారికి ఒక హెచ్చరిక. కత్తిని సానబెట్టి పదును పెంచినట్టు మంత్రం దెబ్బను పెంచుకునే దారులు చాలా తక్కువ. శత్రువుల ఆరోగ్యం పెరుగుతూ పోతుంది, మీ నిప్పుముద్ద అంతే ఉంటుంది. దీన్ని దాటాలంటే రెండు చేతులతో కలిపి మంత్రం వేసినప్పుడు శత్రువు తూలిపోయే ‘ఇంపాక్ట్’ పెర్క్ త్వరగా తీసుకోవాలి. పక్కన వస్తువులకు మంత్రశక్తి ఎక్కించే ఎన్‌చాంటింగ్ విద్య పెంచి, మంత్రం ఖర్చు తగ్గించే ఉంగరాలు, వస్త్రాలు తయారుచేసుకోవాలి. లేదంటే మాయావిద్య వైపు మళ్ళండి. గదిలో ఉన్న బందిపోట్లు ఒకరినొకరు పొడుచుకునేలా చేసి మీరు స్తంభం చాటున నిలబడటంలో ఉన్న మజా నిప్పులు చిమ్మడంలో లేదు.

ఇక చాటుమాటు విలుకాడి సంగతి. ఏ పాత్ర మొదలుపెట్టినా చివరికి అందరూ చీకట్లో నక్కి బాణాలు వేసే దగ్గరికే వచ్చి చేరతారన్నది ఈ ఆట ఆడేవారిలో పాత జోకు. కారణం ఉంది. కనబడకుండా వేసిన బాణానికి మొదట్నుంచే రెట్టింపు దెబ్బ, ఒక పెర్క్ తీసుకుంటే మూడు రెట్లు. పైగా శత్రువులకు బుర్ర తక్కువ. ఒంట్లో బాణం దిగబడి ఉన్నా కాసేపు వెతికి, ‘గాలి అయి ఉంటుందిలే’ అనుకుని వెనక్కి పోతారు. తేలికైన దారి కాబట్టి అందరూ అందులో పడి, తర్వాత ఆట మరీ సులువైపోయిందని వాపోతారు. మీరు విలుకాడిగా ఆడాలని ముందే అనుకోకపోతే మూటలో విల్లే పెట్టుకోకండి.

6. కష్టం ఎంత పెట్టాలి

మామూలుగా ఉండే ‘అడెప్ట్’తో మొదలుపెట్టండి. పై స్థాయిల్లో శత్రువులకు తెలివి పెరగదు, చర్మం మందమవుతుంది అంతే. అన్నిటికన్నా పైదైన ‘లెజెండరీ’లో మీ దెబ్బ పావు వంతు తగులుతుంది, వాళ్ళ దెబ్బ మూడు రెట్లు. ఒక తోడేలును చంపడానికి అన్ని వేట్లు వేయడంలో సాహసమేమీ లేదు. ఆట చప్పగా అనిపిస్తే ‘ఎక్స్‌పర్ట్’ దాకా వెళ్ళండి, అక్కడ ఆగండి.

ఆటను చప్పగా చేసేది ఇంకొకటుంది. కమ్మరం, రసాయనం, ఎన్‌చాంటింగ్ ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి పెంచుకుంటూ పోతే ఒక్క వేటుకు డ్రాగన్ పడిపోయే కత్తి తయారవుతుంది. చాలా వీడియోలు దీన్నే గొప్ప చిట్కాగా చూపిస్తాయి. మూడింటిలో ఒక్కటే పట్టుకోండి, రెండోది మరీ అవసరమైతే.

తొలి రోజుల్లో పారిపోవాల్సిన చోట్లు రెండు. మామత్‌లను కాసే రాక్షసుల దగ్గరికి వెళ్ళకండి. వాళ్ళ గద తగిలితే మీ శవం మేఘాల దాకా ఎగురుతుంది. ఇది మొదట బగ్, సరదాగా ఉందని అలాగే ఉంచేశారు. ఇక హై హ్రోత్‌గార్ మఠానికి ఎక్కే 7,000 మెట్ల దారిలో ఒక మంచు ట్రోల్ కాచుకుని ఉంటుంది. దానికి నిప్పంటే పడదు. మొదట్నుంచీ మీ దగ్గరుండే ‘ఫ్లేమ్స్’ మంత్రాన్ని ఎడమచేతిలో పెట్టుకుని ఎక్కండి.

7. మూట, డబ్బు

మొదట్లో 300 బరువు మోయగలరు. అది ఎప్పుడూ చాలదు. ఒక్క డ్రాగన్ ఎముకే 15 బరువు. ఏరుకునే ముందు ధరను బరువుతో భాగించండి. 10 కన్నా తక్కువ వస్తే వదిలేయండి. చీపురు, బకెట్, గిన్నె ఎత్తుకోగలిగినంత మాత్రాన ఎత్తుకోవాలని లేదు.

వ్యాపారుల దగ్గర డబ్బు తక్కువ. దుకాణాలు పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకే. రెండు రోజులు గడిస్తే వాళ్ళ దగ్గర డబ్బు మళ్ళీ నిండుతుంది. అందుకే ఒకే ఊళ్ళో కూర్చుని నిద్రపోతూ అమ్మడం కన్నా ఊరూరా కొంచెం కొంచెం అమ్మడం మేలు.

దొరికిన పీపాలో వస్తువులు దాచకండి. చాలా పీపాలు, పెట్టెలు కొన్నాళ్ళకు ఖాళీ అయి కొత్త సరుకుతో నిండుతాయి, మీది పోయినట్టే. వైట్‌రన్‌లో బ్రీజ్‌హోమ్ అనే ఇల్లు 5,000 నాణేలకు వస్తుంది, డ్రాగన్‌స్టోన్ పలక ఇచ్చాక. అది కొనేదాకా లిడియా లాంటి సహచరుల మూటే మీ గోదాము. ఆమె మోస్తుంది గానీ ఒప్పుకునేటప్పుడు గొంతులో వెటకారం వినబడుతుంది, చెవి పెట్టి వినండి.

8. బాణం గుర్తు ఆపేసి తిరగండి

చిట్టాలో ఒక్కో పనిని ఎంచుకుని దాని గుర్తును ఆపేయవచ్చు. అన్నీ ఆపేయండి. ఇందులో ఒక చిక్కుంది, ముందే చెప్పాలి. 2002లో వచ్చిన ఇదే వరసలోని ‘మారోవిండ్’లో మనుషులు దారి చెప్పేవారు, ‘వంతెన దాటాక ఎడమకు తిరుగు’ అన్న తీరులో. స్కైరిమ్‌లో చాలామంది పని చెప్పి ఊరుకుంటారు, గుర్తు ఉంటుంది కదా అని. కాబట్టి ఫలానా పని పూర్తి చేయాలనుకున్నప్పుడు గుర్తు పెట్టుకోండి, మిగతా సమయం ఆపి ఉంచండి.

ఒకసారి చూసిన చోటికి మ్యాప్ మీద నొక్కి క్షణంలో చేరడం ఈ ఆటలో పెద్ద ప్రలోభం. అలా చేస్తే దేశమంతా ఒక జాబితా అయిపోతుంది. ఊరి బయట గుర్రపుశాలల దగ్గర అద్దె బండ్లుంటాయి. పెద్ద నగరాలకు 20, చిన్నవాటికి 50 నాణేలు. బండి మీద నగరానికి, అక్కడినుంచి కాలినడకన అని నియమం పెట్టుకోండి. దారిలో తగిలే సంగతులే ఈ ఆటకు ప్రాణం.

వెళ్ళి తీరాల్సిన చోట్లు చెబుతాను, లోపలేముందో చెప్పను. మోర్తాల్ అనే చిత్తడి ఊళ్ళో కాలిపోయిన ఇల్లు ఒకటుంది. దాని గురించి ఊళ్ళో అడగండి, తర్వాత రాత్రిపూట మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళండి. మార్కార్త్ నగరంలోకి మొదటిసారి అడుగుపెట్టేటప్పుడు సంత వైపు చూస్తూ నడవండి. సాలిట్యూడ్ వీధుల్లో యజమాని సెలవు మీద వెళ్ళి తిరిగి రావడం లేదని గోల పెట్టే బిచ్చగాణ్ణి పలకరించండి. భూమి కింద ఆల్ఫ్‌టాండ్ అనే డ్వెమర్ శిథిలం అడుగుకు దిగితే బ్లాక్‌రీచ్ వస్తుంది, నీలంగా వెలిగే పుట్టగొడుగుల కింద ఒక నగరమే ఉంది. మంచి లెవెల్ వచ్చాకే దిగండి.

వీటన్నిటికన్నా నాకు గొప్పగా అనిపించేది ఫ్రాస్ట్‌ఫ్లో లైట్‌హౌస్. డాన్‌స్టార్‌కీ వింటర్‌హోల్డ్‌కీ మధ్య ఉత్తర తీరంలో ఉంటుంది. మిమ్మల్ని అక్కడికి ఏ జార్ల్ పంపడు. లోపల ఒక కుటుంబం రాసుకున్న డైరీలు అక్కడక్కడా పడి ఉంటాయి. దొరికిన వరసలో ప్రతి పుటా చదవండి. సంభాషణల్లో తేలిపోయే ఈ రచయితలే వస్తువులతో, కాగితాలతో కథ చెప్పేటప్పుడు ఎంత పట్టుగా చెబుతారో అక్కడ చూస్తారు. ఇంగ్లిష్ నెమ్మదిగా చదివేవారికి కూడా ఇది వరమే, కాగితం మీకోసం ఆగుతుంది, మాట్లాడే పాత్ర ఆగదు.

9. సంఘాలూ యుద్ధమూ

ఒక పాత్రతో ఒకే సంఘంలో చేరండి. ఆట అన్నిటికీ అధిపతిని చేస్తానంటుంది, ఒప్పుకోకండి. డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతకుల కథ వీటిలో అన్నిటికన్నా బాగా రాసినది. విండ్‌హెల్మ్‌లో ఒక పిల్లవాడు ఇంట్లో ఒంటరిగా ఏదో పూజ చేస్తున్నాడని విని వెళ్ళడంతో మొదలవుతుంది. వింటర్‌హోల్డ్ మంత్రవిద్యాలయం పేరు గొప్ప. నాలుగు చిన్న మంత్రాలు వచ్చినవాడు కూడా కొద్ది రోజుల్లో ప్రధానాచార్యుడు అయిపోతాడు. కంపానియన్స్ అనే యోధుల సంఘం కథ పూర్తి కావాలంటే తోడేలు మనిషిగా మారక తప్పదు, ఇష్టం లేదంటే అక్కడే ఆగిపోవాలి. సంఘం కథ అయిపోయాక కూడా పనులు ఇస్తూనే ఉంటారు. అవి ఆట అప్పటికప్పుడు అల్లే పనులు, అంతులేనివి, ఒకేలాంటివి. రెండు చేసి వదిలేయండి.

అంతర్యుద్ధం విషయంలో ఏ పక్షం చేరాలో తేల్చుకోవడమే చేరడం కన్నా బాగుంటుంది. టాలోస్ దేవుడి పూజను నిషేధించిన సంధికి తలవంచిన సామ్రాజ్యం ఒకవైపు. స్వేచ్ఛ అంటూ తిరగబడిన ఉల్‌ఫ్రిక్ స్టార్మ్‌క్లోక్ ఇంకోవైపు. ఏదైనా తేల్చుకునే ముందు ఉల్‌ఫ్రిక్ ఏలే విండ్‌హెల్మ్‌కు వెళ్ళి, గ్రే క్వార్టర్ పేటలో చీకటి ఎల్ఫ్‌లు ఎలా బతుకుతున్నారో, బల్లి మనుషులైన ఆర్గోనియన్లను నగర గోడల బయట ఎందుకు ఉంచారో చూడండి. ఆ తర్వాత సైన్యంలో చేరితే మాత్రం కోట తర్వాత కోట పట్టుకోవడం, తెరమీద కొద్దిమంది సైనికులు. మహాయుద్ధం అనే మాటకు ఆ దృశ్యానికి పొంతన కుదరదు. చేరకుండా వదిలేసినా పోయేదేం లేదు.

10. బగ్‌లు, సేవ్‌లు

ఆటోసేవ్‌ను నమ్ముకోకండి. ప్రతి పని మొదలుపెట్టే ముందు కొత్త పేరుతో సేవ్ చేయండి, పాతవి కనీసం పది ఉంచుకోండి. సమాధి లోపల కరెంటు పోతే గంట పని పోతుంది, కాబట్టి కంప్యూటర్ మీద ఎఫ్5 నొక్కడం వేలికి అలవాటు కావాలి. విండ్‌హెల్మ్‌లో జరిగే ‘బ్లడ్ ఆన్ ది ఐస్’ అనే హత్యల దర్యాప్తు మధ్యలో ఇరుక్కుపోవడానికి పేరుమోసినది. దానికి ముందు విడిగా సేవ్ పెట్టుకుని, మొదలుపెట్టాక వేరే పనికి పోకుండా ఒకేసారి ముగించండి.

కొందరు పాత్రలు ఎంత కొట్టినా చావరు, మోకాలి మీద కూలబడి మళ్ళీ లేస్తారు. అది బగ్ కాదు, కథకు వాళ్ళు అవసరమని అలా పెట్టారు. వాతావరణం చెడగొట్టే ఏర్పాటే గానీ, ఏం చేయలేరు.

11. మోడ్స్ ఎప్పుడు

మోడ్స్ అంటే ఆడేవాళ్ళే తయారుచేసి పంచే మార్పులు. మొదటిసారి ఆడేటప్పుడు రెండే. ఒకటి అనఫీషియల్ ప్యాచ్, వందలకొద్దీ బగ్‌లను సరిచేస్తుంది. రెండోది స్కైయూఐ, గేమ్‌ప్యాడ్ కోసం చేసిన మూట తెరను కీబోర్డ్‌కు తగ్గట్టు మారుస్తుంది, పైన చెప్పిన ధర-బరువు లెక్కను కూడా పక్కనే చూపిస్తుంది. స్కైయూఐకి ఎస్‌కేఎస్‌ఈ అనే సాధనం కావాలి. ఆటకు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది మొరాయిస్తుంది, అందుకే స్టీమ్‌లో అప్‌డేట్‌ను ఆట తెరిచినప్పుడే జరిగేలా పెట్టుకోండి. మోడ్స్ వాడితే స్పెషల్ ఎడిషన్‌లో అచీవ్‌మెంట్స్ రావు. ప్లేస్టేషన్‌లో దొరికే మోడ్స్ చాలా పరిమితం, ఎక్స్‌బాక్స్ నయం.

ఆట మధ్యలో మోడ్‌ను తీసేయకండి, సేవ్ పాడవుతుంది. అందాల మోడ్స్ వంద ఎక్కించి ఆట తెరవకుండానే వారం గడిపేవాళ్ళు ఉన్నారు. అది వేరే వ్యసనం. రెండోసారి ఆడేటప్పుడు ‘ది ఫర్గాటెన్ సిటీ’ మోడ్ వేసుకోండి. అసలు ఆటలో లేని పదునైన సంభాషణలు అందులో ఉన్నాయి. దాని రచనకు 2016లో ఆస్ట్రేలియా రచయితల సంఘం పురస్కారం ఇచ్చింది, 2021లో అది విడి ఆటగానూ వచ్చింది.

12. ప్రధాన కథకు ఎప్పుడు తిరిగి రావాలి

తిరగడం మీద మొహం మొత్తినప్పుడు. లెవెల్ 25, 30 మధ్య ఆ కథను ఎత్తుకుంటే వరసగా కొద్ది సాయంత్రాల్లో అయిపోతుంది, లాగినట్టు అనిపించదు. మధ్యలో ఒక ముసలి డ్రాగన్‌ను చంపమని మీ మిత్రులే పట్టుబడతారు. ఒప్పుకోకపోయినా కథ ముందుకు సాగుతుంది, ఆట ఆ మాట స్పష్టంగా చెప్పదు.

కథ ముగిశాక తెర మీద ‘సమాప్తం’ రాదు, మిమ్మల్ని మళ్ళీ కొండ మీద వదిలేస్తుంది. అప్పటికి ఇంకా ఆడాలనుంటే విండ్‌హెల్మ్ రేవులో నార్తర్న్ మెయిడెన్ అనే ఓడ ఉంటుంది. సోల్‌స్టైమ్ ద్వీపానికి తీసుకెళ్ళడానికి దాని నాయకుడు 250 నాణేలు అడుగుతాడు. అక్కడ కూడా దిక్సూచి గుర్తును దిగీ దిగగానే ఆపేయండి.